పేర్లు చింపిన ప్రశ్నలు

అక్క పోయిన రోజు శుక్రవారం. మూడో పీరియడ్ నడుస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఉల్లిపొర స్లైడు ఎలా తయారుచేయాలో చూపిస్తున్నాను. పొరను నీటిచుక్క మీద పరిచి, పైన గాజుపలకను వాలుగా దించుతుండగా ప్రిన్సిపాల్ కూర్మారావు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఒక కాగితం ఉంది.

"ధైర్యంగా ఉండాలి పుణ్యవతి గారూ," అన్నారు. "అక్కగారి సంగతి తెలిసింది. మీ క్లాసులు వేరేవాళ్ళకు సర్దమని వచ్చింది. మీరు బయలుదేరండమ్మా."

"ఏ సంగతి సార్?" అని అడిగాను.

ఆయన కాగితం వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నాకు ఇంకా తెలియదన్న విషయం ఆయనకు అప్పుడే అర్థమైంది. ముప్ఫై ఆరుమంది పిల్లలు మా ఇద్దరినీ చూస్తున్నారు. గాజుపలక కింద గాలిబుడగ ఒకటి ఉండిపోయింది. దాన్ని సరిచేసి, స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, అప్పుడు బయటికి వచ్చాను.

మా ఆశ్రమ పాఠశాల వంజరిగెడ్డలో ఉంది. చుట్టూ కొండలు. స్కూలు మేడ మీది టవరు తప్ప ఇంకే సిగ్నలూ లోయలోకి దిగదు. క్వార్టర్స్‌లో ఉన్నా, వంటశాలలో ఉన్నా, అందరి ఫోనులూ ఆ టవరు గుండానే బయటి ప్రపంచంతో మాట్లాడాలి. ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకా సందేశాలన్నీ అందులోనే ఆగిపోతాయి. బడి వదిలాక విడుదలవుతాయి. ఆ సంవత్సరమే పైఆఫీసువాళ్ళు టవరుకు ఒక కంప్యూటర్ కాపలా పెట్టారు. దాని పేరు పరామర్శ. మేము చదివేవి, వెతికేవి, మాకు వచ్చేవి అన్నీ అది చదువుతుంది. ఎవరికి ఏ కష్టం వచ్చిందో గ్రహించి, ఏం చేయాలో ప్రిన్సిపాల్‌కు రాసి పంపుతుంది.

బావగారి సందేశం పదకొండు దాటాక బయలుదేరింది. నా ఫోను దాన్ని నాలుగింటికి నాకు ఇచ్చి ఉండేది. పరామర్శకు అంతసేపు ఆగాల్సిన పని లేదు.

*

అక్క పేరు సత్యవేణి. పార్వతీపురంలో బట్టలు కుట్టేది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు ఆమె నోటుపుస్తకంలో ఉండేవి. ఎవరికి ఒళ్ళు తగ్గిందో, ఎవరు కడుపుతో ఉన్నారో వాళ్ళ అమ్మల కంటే ముందు ఆమెకు తెలిసేది. తన రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి మాత్రం పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకుందట. నేను జీవశాస్త్రం టీచర్ని. నాకూ చెప్పలేదు.

పన్నెండో రోజు అయ్యాక తిరిగి డ్యూటీలో చేరాను. సాయంత్రాలు క్వార్టర్స్‌లో కూర్చుని ఒకే ప్రశ్నను రకరకాలుగా వెతికేదాన్ని. రెండో నెలలో వెళ్ళి ఉంటే ఏమయ్యేది? ఆరో నెలలో వెళ్ళి ఉంటే? ఆ లెక్కల వల్ల అక్క తిరిగి రాదని నాకు తెలుసు. అయినా వెతికేదాన్ని.

మూడో వారంలో కూర్మారావు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఇది నా మాట కాదమ్మా. పరామర్శ రాసింది. ఒకే విషయాన్ని ముప్ఫై ఒక్కసార్లు వెతికారట. ఏకాగ్రత తగ్గిందట. పబ్లిక్ పరీక్షల సంవత్సరం కదా, పదో తరగతి భారం తీసేయమంది."

నేను లెక్కపెట్టుకోలేదు. అది పెట్టింది. "అలాగే సార్," అని వచ్చేశాను. ఎవరి మీదా కోపం రాలేదు. బజారు మధ్యలో నిలబెట్టి జ్వరం చూసినట్టు అనిపించింది, అంతే.

పదో తరగతి జీవశాస్త్రం ఫిజికల్ సైన్స్ చెప్పే జగన్నాథ పాత్రో మాస్టారి మెడకు చుట్టారు. మర్నాడే ఆయన పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"కప్ప గుండెకు ఎన్ని గదులండీ?"

"మూడు."

"పొద్దున్న నాలుగని చెప్పేశాను. పిల్లలు నా మొహాన నవ్వారు. అమ్మా పుణ్యవతి గారూ, మీ క్లాసు మీరు తీసుకునేదాకా నాకు పరువు లేదు." ఎదురు కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించారు. "స్పాట్ వాల్యుయేషన్‌కు ఎన్నిసార్లు వెళ్ళారు?"

"తొమ్మిదిసార్లు."

"నేను పన్నెండేళ్ళు కోడింగ్‌లో కూర్చున్నాను. పిల్లాడి పేరూ నంబరూ ఉన్న ముక్క చింపేస్తాం. కొత్త నంబరు వేస్తాం. ఇరవై పేపర్లు ఒక కట్ట. దిద్దేవాడికి ఎవరిదో తెలియదు. అయినా ఏ జవాబుకు పడాల్సిన మార్కులు ఆ జవాబుకు పడతాయి. ఏటా లక్షలమంది పిల్లల పేర్లు చింపుతున్నాం. మన పద్నాలుగుమంది టీచర్ల పేర్లు చింపుకోలేమా?"

*

ప్రశ్నపత్రాలు వచ్చే రేకుపెట్టె ఒకటి ల్యాబులో ఖాళీగా పడి ఉంది. మాస్టారు పాత కంప్యూటర్లు రెండు విప్పి అందులో అమర్చారు. మా పద్నాలుగుమంది ఫోనులూ ముందు ఆ పెట్టెతో మాట్లాడేటట్టు చేశారు. అది ప్రశ్నల మీద పేరు చింపేస్తుంది, ఇరవై అయ్యేదాకా ఆపుతుంది, కలిపేస్తుంది, ఒకే కట్టగా టవరుకు పంపుతుంది. జవాబులు వచ్చాక ఏది ఎవరికని విడదీయదు. ఇరవై జవాబులూ పద్నాలుగుమందికీ ఇచ్చేస్తుంది. కావలసినది ఎవరు ఏరుకున్నారో పెట్టెకే తెలియదు. ఇరవైకి తక్కువైతే పాత పదో తరగతి పేపర్లలోంచి నాలుగైదు ప్రశ్నలు తానే కలుపుతుంది.

మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు పరామర్శ మళ్ళీ మా పేర్లతో సహా నివేదిక పంపింది. ఎలా పట్టుకుందో ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు ఆ కట్టలన్నీ నా ముందు పరిచారు. నేను చదివి నవ్వాను. అక్క పోయాక నవ్వడం అదే మొదటిసారి.

"ఇది షమీమ్ టీచరుది," అన్నాను. "యంత్రాన్ని కూడా 'కొంచెం చెప్పండి ప్లీజ్' అని అడిగేది ఆవిడ ఒక్కతే. ఇది నాది. ప్రశ్న చివర ఫుల్‌స్టాప్ పెట్టే అలవాటు నాది. ఇది మీది. రెండు ప్రశ్నలు ఒకే దాంట్లో కుక్కారు."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "పేరు చింపాం గాని చేతిరాత మిగిలిపోయింది."

ఆయన ఇంకో నెల కష్టపడ్డారు. ఈసారి పెట్టెకు తిరగరాయడం నేర్పారు. ఎవరు ఎలా అడిగినా అది దాన్ని పాఠం చివరి అభ్యాసంలోని ప్రశ్నలా మారుస్తుంది. అందులో అడిగిన మనిషి జాడ ఉండదు. షమీమ్ టీచరు "మా చిన్నాడు అన్నం ముట్టట్లేదు, ఏం చేయను ప్లీజ్" అని వేస్తే, "బాలురలో ఆకలి మందగించుటకు కారణములేవి?" అని బయటికి వచ్చింది.

"అబ్బ, నేనింత చక్కగా ఎప్పుడు మాట్లాడాను!" అని ఆవిడ మురిసిపోయింది. ఆవిడ మాకు హిందీ టీచరు.

తిరగరాతలో తప్పు దొర్లితే సరిచూడడానికి అసలు ప్రశ్నలు సాయంత్రం ఆరుదాకా పెట్టెలో ఉంటాయి. ఆరింటికి చెరిగిపోతాయి. పెట్టె తాళం మాస్టారి దగ్గరే. మూత మీద ఆయన తెల్లరంగుతో రాశారు: ఎవరిదని అడగరాదు. ఊహించరాదు.

పదిరోజులు గడిచాక కూర్మారావు గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. ముందు నివేదికల దొంతర ఉంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"పాత్రో గారూ, మీరు కడుపుతో ఉన్నారని వచ్చిందండీ."

ఎవరో ఆపుకోలేక దగ్గారు.

"మీరే కాదు. పద్నాలుగుమందీ ఉన్నారు. పద్నాలుగుమందికీ మోకాళ్ళనొప్పులు. పద్నాలుగుమందీ బదిలీకి దారులు వెతుకుతున్నారు. పద్నాలుగుమందీ భాస్వరం ఉపయోగాలు తెలుసుకోవాలని తహతహలాడుతున్నారు. పరామర్శ ఏం సలహా ఇచ్చిందో తెలుసా? బడి మొత్తానికి సెలవు ఇచ్చేయమంది."

నవ్వులు ఆగేదాకా ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత ఆ కాగితాలను మడిచి సొరుగులో పెట్టారు.

"నన్ను ఆ రోజు తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబెట్టింది ఇదే," అన్నారు. నా వైపు చూడలేదు. "పైవాళ్ళకు ఉన్నదున్నట్టు పంపుతాను. పరికరం పనిచేయడం లేదని వాళ్ళే తేల్చుకుంటారు. పుణ్యవతి గారి క్లాసు పుణ్యవతి గారికి. ఇంకో మాట. ఆ పెట్టెలో నేనూ ఒక ప్రశ్న వేయవచ్చా?"

అలా పదిహేనుమందిమయ్యాం.

*

తర్వాతి రోజులు నాకు మంచి రోజులు. నేను అడగాల్సింది అడిగాను. ఎవరూ లెక్కపెట్టలేదు. నెల తిరక్కముందే ఆ ప్రశ్న అడగడం దానంతట అదే తగ్గిపోయింది.

పెట్టె వల్ల మేము అనుకోనిది ఇంకొకటి జరిగింది. రోజూ నాలుగున్నరకు ఇరవై ప్రశ్నలూ జవాబులతో సహా ముద్రించి స్టాఫ్‌రూము గోడకు తగిలించేవాళ్ళం. టీచర్ల కంట జవాబు పడితే చేతులు ఊరుకోవు కదా. మొదటి వారంలోనే మార్జిన్లలో ఎర్రసిరా కనిపించింది. ఇంటర్నెట్ ఇచ్చిన జవాబులను దిద్దడం మొదలుపెట్టారు. "అసంపూర్ణం." "ఉదాహరణ ఏది?" "ఐదుకు రెండున్నర." కొన్నాళ్ళకు దిద్దడం పోయి చెప్పడం వచ్చింది. మోకాళ్ళనొప్పుల జవాబు పక్కన ఎవరో "పొద్దున్న ఎండలో పది నిమిషాలు, నాకు తగ్గింది" అని రాశారు. అత్తగారితో పొసగడం ఎలా అన్నదాని పక్కన మూడు రకాల ఎర్రసిరాలు వాదించుకున్నాయి. ఆ గోడ దగ్గర టీ తాగడం నాకు అలవాటైంది. ఎవరి బాధ ఏదో తెలియకుండానే అందరి బాధలూ తెలిసేవి. మనుషుల మీద నాకు ఇష్టం పెరిగింది.

నవంబరు రెండో వారంలో, ఒక మంగళవారం, పన్నెండో ప్రశ్న ఇలా ఉంది:

"రొమ్ములో నొప్పి లేని గడ్డ ఏర్పడుటకు కారణములేవి?"

పైనా కిందా ఉన్న ప్రశ్నల్లాగే ఉంది. పదకొండోది ఓమ్ నియమం. పదమూడోది ఆవకాయకు బూజు పట్టకుండా ఏం చేయాలన్నది. మధ్యలో ఇది. అడిగినవాళ్ళ చేతులు వణికాయో లేదో కాగితం మీద లేదు. పెట్టె అదంతా తుడిచేసింది. దానికి మేము నేర్పిందే అది.

టీ కప్పు కింద పెట్టి ల్యాబుకు వెళ్ళాను. అయిదు దాటి పావుగంటైంది.

"పెట్టె తెరవండి మాస్టారూ."

ఆయన కాగితం చదివారు. అక్క సంగతి ఆయనకు తెలుసు. తాళంచెవి తీసి నా ముందు బల్ల మీద పెట్టారు.

"ఆరుదాకా టైముంది. మీరు తెరిస్తే నేను అడ్డుపడను. కానీ తెరిచామని రేపు అందరికీ చెప్పాలి. చెప్పాక ఇలాంటి ప్రశ్న ఈ పెట్టెలోకి మళ్ళీ రాదు."

"రాకపోతే పోనివ్వండి. ఒక మనిషి బతుకుతుంది."

"కావచ్చు. ఆ మనిషి ఎవరికీ చెప్పుకోలేక దీనికి చెప్పుకుంది. మీరు వెళ్ళి నీకు గడ్డ ఉందటగా అంటే ఏమంటుంది?"

ఏమంటుందో నాకు తెలుసు. అక్కను ఒకసారి అడిగాను, చిక్కిపోయావేమిటే అని. నవ్వి, కొలత టేపు నా మెడకు చుట్టి, "నువ్వు లావయ్యావు, నన్నంటావా?" అంది. ఆ తర్వాత మూడు నెలలు మా ఇంటికే రాలేదు.

తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. ఆరింటికి స్టడీ అవర్ గంట కొట్టారు. పెట్టె మీది చిన్న దీపం ఆరి మళ్ళీ వెలిగింది. చెరిగిపోయాయి.

నేను స్టాఫ్‌రూముకు తిరిగి వెళ్ళి ఎర్రపెన్ను తీశాను. పన్నెండో ప్రశ్న పక్కన మార్జిన్ చాలలేదు. వెనక్కి తిప్పి రాశాను. మా అక్క సత్యవేణి పదకొండు నెలలు దాచిందనీ, నొప్పి లేకపోవడం ధైర్యానికి కారణం కాదనీ, మొదటి నెలలో తేలికగా నయమయ్యేది పదకొండో నెలలో కాలేదనీ రాశాను. చివర నా పేరు రాశాను. ఆ పెట్టె వచ్చాక ఆ గోడ మీద పేరు రాసింది నేనొక్కదాన్నే.

మర్నాడు పొద్దున్న అందరం టీకి చేరాం. షమీమ్ టీచరు నా టీలో చక్కెర వేసి ఇచ్చింది. నేను చక్కెర వేసుకోనని ఆవిడకు తెలుసు. తాగేశాను.

*

ఉపాయం ఆ టీ దగ్గరే తట్టింది. ఒక్క ప్రశ్న వెళ్తే అది ఎవరిదో దొరికిపోతుంది. ఇరవై వెళ్తే దొరకదు. మనుషులకైనా అంతే కదా.

"తొమ్మిదిమంది ఆడవాళ్ళం ఉన్నాం," అన్నాను. "తొమ్మిదిమందిమీ వెళ్దాం. అందరం పరీక్ష చేయించుకుందాం. ఫలితాలు ఎవరి కవరులో వాళ్ళకు ఇమ్మందాం. ఎవరు ఎవరినీ అడగొద్దు."

"నాకేం గడ్డా లేదు, గిడ్డా లేదు," అంది పీఈటీ చూసే మరియ టీచరు. "గ్రౌండ్ చుట్టూ రోజూ పది రౌండ్లు కొడతాను."

"అందుకే రా," అంది షమీమ్ టీచరు. "నువ్వొక్కదానివి రాకపోతే ఎనిమిదిమంది మీద అనుమానం పెరుగుతుంది. రౌండ్లు హాస్పిటల్ చుట్టూ కొట్టుకుందువుగాని."

కూర్మారావు గారు స్కూలు వ్యాను ఇచ్చి, రిజిస్టరులో 'క్షేత్ర పర్యటన' అని రాసుకున్నారు. శనివారం పార్వతీపురం వెళ్ళాం. దారిపొడుగునా ఎవరూ ఊరుకోలేదు, అంత్యాక్షరి పాడారు. అక్క కొట్టు ఉన్న వీధి మీదుగా వ్యాను వెళ్తున్నప్పుడు నేను అవతలివైపు కిటికీలోంచి చూశాను.

డాక్టరు గారు చిన్నావిడ. పేరు హిమజ. తొమ్మిదిమందిని వరుసగా చూసి, తీయాల్సిన స్కానింగులు తీయించి, వారం తర్వాత తొమ్మిది కవర్లు పంపారు. స్టాఫ్‌రూములో కవర్లు చింపుతున్న చప్పుడు ఒకేసారి వినిపించింది. మరియ టీచరు ఎవరూ అడక్కుండానే "క్లియర్!" అని అరిచింది. తర్వాత ఇంకొకరు అన్నారు. తర్వాత ఇంకొకరు. ఎవరినీ అడగకూడదన్న నియమం ఎవరికీ గుర్తులేదు. తొమ్మిదీ క్లియర్.

సంతోషించాం. లడ్డూలు తెప్పించారు. ఆ ప్రశ్న ఎవరో ఊరికే భయపడి అడిగిందని నేను తేల్చుకున్నాను. గోడ మీది నా కాగితాన్ని నేనే తీసి డైరీలో పెట్టుకున్నాను. చాలా నెలల తర్వాత ఆ రోజు నిశ్చింతగా నిద్రపోయాను.

నాలుగు వారాలు గడిచాయి. డిసెంబరు చివర్లో, ఇంకో మంగళవారం, ఏడో ప్రశ్న:

"నొప్పి లేని గడ్డ పరిమాణము పెరుగుటకు ఎంత కాలము పట్టును?"

కాగితం పట్టుకుని వంటశాల అరుగు మీద కూర్చుండిపోయాను. వంట చేసే పైడమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నా మొహం చూసి చాట పక్కన పెట్టింది.

"ఏటమ్మా, అలాగున్నారు?"

"ఏం లేదు పైడమ్మా."

"ఏం లేకపోతే నా అరుగు మీద కూకోరు మీరు." మళ్ళీ చాట తీసుకుంది. "ఆ మద్దిన మీరందరూ వేనెక్కి ఆస్పత్రికి ఎల్లిపోనారు. పంతులమ్మలందరూ సూపించుకోనారట. మంచిదే. మరి మాకు ఒళ్ళు లేదేటమ్మా? పిండి రుబ్బడానికేనా మా సేతులు?"

ఆమె నవ్వుతూనే అంది. నేను లేచి ల్యాబుకు దాదాపు పరుగెత్తాను.

"మాస్టారూ, ఒకటి చెప్పండి. పెట్టె అడిగినవాళ్ళ పేరు తీసేస్తుంది సరే. ఎవరి కోసం అడిగారో అది కూడా తీసేస్తుందా?"

"అంటే?"

"ఒక మగమనిషి తన భార్య కోసం అడిగితే? అమ్మ కోసం అడిగితే? ఫోను లేని వంటమనిషి కోసం మనలో ఒకరు అడిగితే?"

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. కాసేపు పెట్టె మీద తాను రాసిన తెల్ల అక్షరాలను చూశారు.

"తీసేస్తుంది," అన్నారు. "మనిషి జాడ ఏదీ ఉంచొద్దని నేనే నేర్పాను."

ఇరవై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. ప్రశ్నను పూర్తిగా చదవకుండా జవాబు రాసిన పిల్లల చెవులు మెలిపెట్టాను. ఆ ప్రశ్నను ఆడవాళ్ళే అడిగి ఉంటారని, తమ గురించే అడిగి ఉంటారని నేనే అనుకున్నాను. అనుకుని, తొమ్మిదిమందిని లెక్కపెట్టి, లెక్క ముగించేశాను. ఆ మొదటి సాయంత్రం తాళం తిప్పి ఉంటే అసలు మాటలు కనిపించేవి. ఆరు వారాలు పోయాయి.

ఈసారి కూడా పెట్టె తెరవలేదు. మాస్టారు తాళంచెవి ఇవ్వబోతే వద్దన్నాను. ఈసారి తటపటాయించలేదు.

*

రెండో పర్యటనకు రెండు వ్యాన్లు పట్టాయి. మగ టీచర్ల భార్యలు, తల్లులు, వంటశాల ఆడవాళ్ళు, ఆయాలు, వాచ్‌మన్ కోడలు, అందరూ కలిసి ఇరవై ముగ్గురు. కూర్మారావు గారు తన భార్యను స్వయంగా చెయ్యి పట్టి ఎక్కించారు. పాత్రో మాస్టారి అమ్మగారికి ఎనభై ఏళ్ళు. ఆవిడ సగం ఒడియాలో సగం తెలుగులో డ్రైవరుకు దారి చెబుతూనే ఉన్నారు. పైడమ్మ కొత్తచీర కట్టుకుని ముందుసీటులో కూర్చుంది.

"మీరు మళ్ళీ ఎందుకమ్మా వస్తన్నారు? మీకు క్లియరే కదా?"

"నేను రాకపోతే మీరందరూ పాటలు పాడరు."

"మీ పాట మీరు పాడకండి, సాలు."

జనవరిలో డాక్టరు హిమజ గారు ఫోను చేశారు.

"పేర్లు చెప్పను," అన్నారు.

"నేను అడగను."

"ఇరవై ముగ్గురిలో ఒకరిని మళ్ళీ రమ్మన్నాం. వచ్చారు. ఆపరేషన్ చేస్తున్నాం. మీరు తీసుకురాకపోతే ఇంకో ఆరు నెలలకు వచ్చేవారేమో."

"డాక్టరు గారూ, ఆరు వారాలు ముందు వచ్చి ఉంటే?"

ఆవిడ వెంటనే జవాబు ఇవ్వలేదు. అందుకే నమ్మాను. "ఒక్కోసారి తేడా ఉంటుంది. ఈసారి ఎక్కువ లేదు. కొంచెం ఉంది."

ఆ కొంచెం నాది. దాన్ని ఎవరికీ పంచలేదు. కానీ ఒక మనిషి బతికింది. ఆ మాట నాలో నేను అనుకున్న ప్రతిసారీ కడుపు నిండినట్టు ఉంటుంది. అక్క తనకోసం చేయలేని పని ఎవరికో జరిగింది. ఎవరికో తెలియకపోవడం వల్ల అది అందరికీ జరిగినట్టే ఉంది. వంటశాల వైపు వెళ్ళినా, క్వార్టర్స్ వైపు వెళ్ళినా, ఎదురైన ప్రతి ఆడమనిషినీ ఆ బతికిన మనిషినే చూస్తున్నట్టు చూస్తున్నాను.

ఫిబ్రవరి మొదట్లో గోడ మీద ఒక ప్రశ్న కనిపించింది. "శస్త్రచికిత్స పిదప చేయి పైకెత్తుటకు పాటించవలసిన పద్ధతులేవి?" ఇంటర్నెట్ రెండు పేజీల జవాబు ఇచ్చింది. మార్జిన్‌లో మరియ టీచరు ఎర్రసిరాతో దాన్నంతా కొట్టేసి, కింద రాసింది: "గోడకు ఎదురుగా నిలబడాలి. వేళ్ళతో పాకుతున్నట్టు పైకి పోవాలి. ఎక్కడిదాకా వెళ్తే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాలి. రోజుకు ఒక గీత. తొందర వద్దు."

రెండు వారాల తర్వాత ఇంకొకటి వచ్చింది. పెట్టెకు ప్రశ్నలు రాయడం తప్ప మరేమీ రాదు. ఎవరు ఏ మాట వేసినా దాన్ని ప్రశ్నగానే మారుస్తుంది. అందుకని అది ఇలా వచ్చింది:

"గోడపై పదకొండవ గీతను చేరుట సంతోషకరమగునా?"

ఆ రోజు స్టాఫ్‌రూములో ఉన్నవాళ్ళందరం లేచి ఆ కాగితం చుట్టూ చేరాం. కూర్మారావు గారు కూడా వచ్చారు. షమీమ్ టీచరు కళ్ళు తుడుచుకుని, ఇంటర్నెట్ జవాబు చదవకుండానే, పక్కన "ఐదుకు ఐదు" వేసింది. పాత్రో మాస్టారు ఇరవై జవాబుల కట్టలో ఒక్కదానికి పూర్తి మార్కులు పడటం ఇదే మొదటిసారన్నారు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడలేదు. అందరం కాగితాన్నే చూశాం.

ఇప్పుడు నా పదో తరగతి పిల్లలకు పునశ్చరణ నడుస్తోంది. సాయంత్రం స్టడీ అవర్‌కు క్వార్టర్స్ వెనకనుంచి నడిచి వెళ్తాను. ఆ వేళకు ఆడవాళ్ళు ఆరిన బట్టలు తీస్తూ ఉంటారు. తీగ ఎత్తుగా కట్టారు. ఎవరి చెయ్యి తీగదాకా వెళ్తోంది, ఎవరు ఎడమచేత్తో అందుకుంటున్నారు, ఎవరు కర్రతో లాగుతున్నారు అని నా చూపు దానంతట అదే పోతుంది. వెంటనే తల దించుకుంటాను. కానీ చూసిన తర్వాతే దించుకుంటాను. చూడకుండా ఆ దారి దాటడం నాకింకా చేతకాలేదు.